పింగ్‌కు పలకని అడ్రస్

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని నెట్‌వర్కింగ్ వినడానికి వచ్చారు, మీ ఓపికకు ముందు దండం.

పోయిన వారం ఒక కుర్రాడు నాకు స్క్రీన్‌షాట్ పంపాడు. గూగుల్ క్లౌడ్‌లో ఇంటర్నల్ లోడ్ బ్యాలెన్సర్, అంటే లోపలి నెట్‌వర్క్‌లో వచ్చే కనెక్షన్లను కొన్ని సర్వర్లకు పంచే ఏర్పాటు, పెట్టాడు. దానికి 10.20.1.50 అనే అడ్రస్ వచ్చింది. పింగ్ కొట్టాడు, అంటే ఆ అడ్రస్ పలుకుతుందో లేదో చూశాడు, జవాబు లేదు. మొత్తం డిలీట్ చేసి మళ్లీ కట్టాడు. మళ్లీ పింగ్ కొట్టాడు, మళ్లీ అంతే. మూడోసారి కూడా అలాగే అయ్యాక "సార్, నా అకౌంట్‌లోనే ఏదో తేడా ఉంది" అని మెసేజ్ పెట్టాడు. అకౌంట్ బాగానే ఉంది. అతను మొదటిసారి కట్టింది కూడా బాగానే ఉంది. అతను పెట్టింది టీసీపీ కోసం, అంటే వెబ్ పేజీల్లాంటివి వెళ్లే ప్రోటోకాల్ కోసం, రాసిన రూల్. పింగ్ వెళ్లేది ఐసీఎంపీ అనే వేరే ప్రోటోకాల్‌లో. ఆ అడ్రస్‌కి 80వ పోర్టులో కర్ల్ (పేజీ తెచ్చే కమాండ్) కొట్టి ఉంటే మొదటి రోజే పేజీ వచ్చేది.

అతన్ని ఏమీ అనలేం. లోడ్ బ్యాలెన్సర్ అనగానే మనందరం బోర్డు మీద ఒకే బొమ్మ వేస్తాం. ఎడమ పక్క క్లయింట్లు, కుడి పక్క సర్వర్లు, మధ్యలో ఒక పెట్టె. ఆ బొమ్మ చూశాక పెట్టె ఉందో లేదో పింగ్ చేసి చూడాలనిపించడం సహజమే. కానీ గూగుల్ క్లౌడ్‌లో ఇప్పుడు ఇంటర్నల్ పాస్‌త్రూ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ అని పిలిచేదానిలో మధ్యలో ఏ పెట్టే లేదు. ఆండ్రోమెడా అనే వాళ్ల వర్చువల్ నెట్‌వర్క్‌లో అది కేవలం ఒక ఏర్పాటు. ప్యాకెట్ క్లయింట్ నుంచి ఎంచుకున్న బ్యాకెండ్‌కి, అంటే వెనకున్న సర్వర్‌కి, నేరుగా వెళ్తుంది. జవాబు బ్యాకెండ్ నుంచి నేరుగా క్లయింట్‌కి వస్తుంది. దారిలో ఎవరూ దాన్ని పట్టుకుని, విప్పి, మళ్లీ పంపరు.

ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్లారనుకోండి. గుమ్మం దగ్గర అటెండర్ "మీ పని 4వ కౌంటర్‌లో" అంటాడు. మీరే వెళ్తారు, మీరే మాట్లాడుకుంటారు. ఇది పాస్‌త్రూ. ఇంకోరకం మనిషి ఉంటాడు. మీ కాగితం తీసుకుని తనే లోపలికి వెళ్లి, పని చేయించుకుని వచ్చి మీ చేతిలో పెడతాడు. లోపలి గుమాస్తా మీ ముఖం కూడా చూడడు. ఇది ప్రాక్సీ. ఈ రెండో రకం దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ప్రాక్టీసు సెటప్ సంగతి. ఒక వీపీసీ, అంటే క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్, అందులో ముంబై రీజియన్‌లో ఒక ముక్క, అంటే సబ్‌నెట్, 10.20.1.0/24 అనుకుందాం. రెండు బ్యాకెండ్ మెషీన్లు చెరొక జోన్‌లో, వాటిలో ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్. పేజీలో మాత్రం ఆ మెషీన్ పేరు కనబడాలి, లేకపోతే ఎవరు జవాబిచ్చారో తెలీదు. వాటిని ఇన్‌స్టెన్స్ గ్రూపుల్లో పెడతాం. మెషీన్లు బతికున్నాయో లేదో ప్రోబులు పంపి చూసే హెల్త్ చెక్ ఒకటి, గ్రూపుల్నీ హెల్త్ చెక్‌నీ కలిపే బ్యాకెండ్ సర్వీస్ ఒకటి, చివరగా ఇంటర్నల్ అడ్రస్‌ని ఆ బ్యాకెండ్ సర్వీస్‌కి ముడివేసే ఫార్వర్డింగ్ రూల్. అంతే, నాలుగు ముక్కలు. క్లిక్కులు నేర్చుకోవడానికి గంట చాలు. అమీర్‌పేటలో జిరాక్స్ మెటీరియల్‌లో కూడా స్క్రీన్‌షాట్లతో సహా దొరుకుతుంది.

ఒక్క చిన్న గొయ్యి మాత్రం చెప్పాలి. చాలామంది పద్ధతిగా బ్యాకెండ్లకు పబ్లిక్ ఐపీ ఇవ్వరు, మంచిదే. కానీ స్టార్టప్ స్క్రిప్టులో ఎన్‌జిన్ఎక్స్ ఇన్‌స్టాల్ చేయమని రాస్తారు. పబ్లిక్ ఐపీ లేని మెషీన్ ఇంటర్నెట్‌లోకి ఎలా వెళ్తుంది? అలాంటి మెషీన్లకు బయటికి దారి ఇచ్చే క్లౌడ్ నాట్ పెట్టకపోతే ఎన్‌జిన్ఎక్స్ దిగదు, పేజీ రాదు, తిట్లు మాత్రం లోడ్ బ్యాలెన్సర్‌కి. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు.

ఇప్పుడు నా కథ. కంపెనీ పేరు అడగకండి. నాకు అప్పట్లో సర్వర్లు బాగా తెలుసు, క్లౌడ్ కొత్త. ఒక పేమెంట్ సర్వీస్ ముందు ఇంటర్నల్ లోడ్ బ్యాలెన్సర్ పెట్టాను. టెస్ట్ చేస్తే చక్కగా జవాబులొస్తున్నాయి, రెండు మెషీన్ల నుంచీ వస్తున్నాయి. కన్సోల్‌లో మాత్రం రెండూ ఎర్రగా, అన్‌హెల్దీ అని కనబడుతున్నాయి. మా టీమంతా కలిసి తేల్చిందేమిటంటే, పని జరుగుతోంది కాబట్టి కన్సోలే తప్పు చూపిస్తోంది అని. రిఫ్రెష్ కొట్టాం, మారలేదు, వదిలేశాం. నాలుగు రోజుల తర్వాత అప్‌గ్రేడ్ కోసం ఒక మెషీన్‌లో సర్వీస్ ఆపాం. రెండోది ఉంది కదా, లోడ్ బ్యాలెన్సర్ చూసుకుంటుంది అనే ధైర్యం. ఆపిన నిమిషం నుంచి దాదాపు సగం కనెక్షన్లు ఫెయిల్. ఫోన్లు మొదలయ్యాయి. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

జరిగింది ఇది. హెల్త్ చెక్ ప్రోబులు మన సబ్‌నెట్ నుంచి రావు. గూగుల్ వాటిని 130.211.0.0/22, 35.191.0.0/16 అనే రెండు రేంజుల నుంచి పంపుతుంది. నేను ఫైర్‌వాల్‌లో మా సబ్‌నెట్‌కి మాత్రమే దారి ఇచ్చాను. వీపీసీలో లోపలికొచ్చే ట్రాఫిక్‌ని మనం అనుమతిస్తే తప్ప రానివ్వదు. ప్రోబులన్నీ గుమ్మం బయటే ఆగిపోయాయి. రెండు మెషీన్లూ అన్‌హెల్దీ అయ్యాయి. మరి జవాబులెలా వచ్చాయి? అక్కడే ఉంది తిరకాసు. ఈ రకం లోడ్ బ్యాలెన్సర్‌లో, ఫెయిలోవర్ (ఒకటి పోతే ఇంకోటి అందుకునే) ఏర్పాట్లేవీ పెట్టుకోనప్పుడు, బ్యాకెండ్లన్నీ అన్‌హెల్దీ అయితే అది చేతులెత్తేయదు. ఆఖరి ప్రయత్నంగా కొత్త కనెక్షన్లను అందరికీ పంచేస్తుంది. అంటే నాలుగు రోజులుగా అది కళ్లు మూసుకుని పంచుతోంది. ఒకటి నిజంగా పడిపోయినప్పుడు, ముందే ఇద్దరూ చచ్చారని రాసుకున్న దానికి ఇప్పుడు ఎవరు చచ్చారో ఎలా తెలుస్తుంది?

ఫైర్‌వాల్‌లో ఒక్క రూల్ చేర్చాం. డిఫాల్ట్‌గా ప్రోబు 5 సెకన్లకొకటి, వరుసగా రెండు పాసైతే హెల్దీ. బతికున్న మెషీన్ కాసేపట్లో పచ్చగా మారింది, ఫెయిల్యూర్లు ఆగాయి. అప్పట్నుంచీ కొత్త సెటప్‌లో నేను మొదట చేసే పని ఒక బ్యాకెండ్‌ని చేత్తో ఆపడం. జవాబులొస్తే సరిపోదు, ఆపినవాడికి కొత్త కనెక్షన్లు వెళ్లకూడదు కూడా.

హెల్త్ చెక్ గురించి ఇంకో మాట. అది క్లాసులో అటెండెన్స్ లాంటిది. ప్రాక్సీ వేయడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. టీసీపీ హెల్త్ చెక్‌కి ప్రాక్సీ వేయడం మహా తేలిక. పోర్టు తెరిచి ఉంటే చాలు, "ప్రెజెంట్ సార్". లోపల అప్లికేషన్ ప్రతి రిక్వెస్టుకీ 500 ఎర్రర్ ఇస్తున్నా అటెండెన్స్ పడిపోతుంది. అందుకే వెబ్ సర్వీస్ అయితే హెచ్‌టీటీపీ చెక్ పెట్టి, దానికోసం ఒక పాత్ ఇచ్చి, 200, అంటే అంతా బాగుందనే కోడ్, వస్తేనే లెక్కలోకి తీసుకోమనండి. అలాగని అతి కూడా వద్దు. ఆ పాత్‌లో డేటాబేస్, క్యూ, పక్క టీమ్ ఏపీఐ అన్నీ చెక్ చేసేవాళ్లుంటారు. డేటాబేస్ ఒక్క నిమిషం తుమ్మితే బ్యాకెండ్లన్నీ ఒకేసారి సిక్ లీవ్ పెడతాయి. ఆ మెషీన్ తన చేతిలో ఉన్న పని చేయగలదా లేదా అన్నంతవరకే అడగాలని నా అభిప్రాయం. దీని మీద మా ఆఫీసులోనే రెండు పార్టీలున్నాయి, ఆ గొడవ ఇక్కడ వద్దు.

మళ్లీ ప్యాకెట్ దగ్గరికి వద్దాం. మధ్యలో పెట్టె లేదన్నాను కదా. అలాంటప్పుడు బ్యాకెండ్‌కి చేరే ప్యాకెట్ మీద టు అడ్రస్ ఏముంటుంది? కొందరు బ్యాకెండ్ సొంత ఐపీ, 10.20.1.11 అంటారు. కాదు. దాని మీద 10.20.1.50 అనే ఉంటుంది, ఎవరూ చెరపలేదు కాబట్టి. ఆ అడ్రస్ నాదే అని ఒప్పుకోవడానికి మెషీన్‌లోని గూగుల్ గెస్ట్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ లోకల్ రూటింగ్ టేబుల్‌లో ఒక లైను రాసిపెడుతుంది. సొంతంగా తయారుచేసుకున్న ఇమేజ్‌లో ఆ ఏజెంట్‌ని తీసేసినవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. రెండో సంగతి, మీ సర్వీస్ 0.0.0.0 మీద, అంటే మెషీన్‌కి ఉన్న ఏ అడ్రస్‌కి పిలుపొచ్చినా, వింటుండాలి. భద్రత కోసమని 10.20.1.11 మీద మాత్రమే వినేలా కాన్ఫిగర్ చేస్తే 10.20.1.50 కి వచ్చిన పిలుపు దానికి వినబడదు. హెల్త్ చెక్ ప్రోబులు కూడా ఆ 10.20.1.50 కే వస్తాయి కాబట్టి అవీ ఫెయిలవుతాయి.

ఇదే లాజిక్‌తో ఇంకో వింత. బ్యాకెండ్ మెషీన్‌లోకే లాగిన్ అయ్యి అక్కణ్నుంచి లోడ్ బ్యాలెన్సర్ అడ్రస్‌కి కర్ల్ కొట్టండి. వందసార్లు కొట్టినా తన పేరే వస్తుంది. ఆ అడ్రస్ నాదే అని అది ఇప్పటికే నమ్మింది కదా, ప్యాకెట్ గడప దాటదు. ఇది చూసి బ్యాలెన్సింగ్ జరగడం లేదని కంగారుపడేవాళ్లు బోలెడుమంది. అజూర్‌లోనూ, ఏడబ్ల్యూఎస్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌లో క్లయింట్ ఐపీని అలాగే ఉంచమన్నప్పుడూ ఇదే పరిస్థితి ఇంకో ముఖంతో వస్తుంది. అక్కడ తన దగ్గరికే తిరిగొచ్చిన కనెక్షన్ టైమౌట్ అవుతుంది. కాబట్టి టెస్ట్ చేయడానికి వేరే క్లయింట్ మెషీన్ పెట్టుకోండి. అది అదే రీజియన్‌లో ఉండాలి. ఢిల్లీ రీజియన్‌లోని మెషీన్ నుంచి ముంబై లోడ్ బ్యాలెన్సర్‌ని పిలవాలంటే గ్లోబల్ యాక్సెస్ అనే ఆప్షన్ ఆన్ చేయాలి.

ఆ క్లయింట్ నుంచి పదిసార్లు కర్ల్ కొడితే ఏడు ఒకదానికి, మూడు ఇంకోదానికి వెళ్లొచ్చు. చెరి ఐదు రాలేదని బాధపడకండి. ఇది వంతులవారీ పంపకం కాదు. పంపినవారి ఐపీ, పోర్టు, చేరాల్సిన ఐపీ, పోర్టు, ప్రోటోకాల్, ఈ ఐదింటినీ కలిపి లెక్కగట్టే హాష్ అనే సంఖ్య మీద నిర్ణయం జరుగుతుంది. కర్ల్ ప్రతిసారీ కొత్త సోర్స్ పోర్టుతో వెళ్తుంది కాబట్టి మారుతుంటుంది. వెయ్యిసార్లు కొడితే సగం సగానికి దగ్గర పడుతుంది.

ఆ హాష్ నిర్ణయం కనెక్షన్‌కి ఒక్కసారే. ఈ మాట తేలిగ్గా తీసుకుంటే దెబ్బ తింటారు. జీఆర్‌పీసీ (సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) వాడే సర్వీసులు ఒక కనెక్షన్ తెరిచి గంటల తరబడి దాని మీదే లక్షల రిక్వెస్టులు పంపుతాయి. క్లయింట్లు నాలుగే ఉంటే కనెక్షన్లు నాలుగే. మూడు బ్యాకెండ్లలో ఒకదానికి రెండు కనెక్షన్లు పడితే అది ఉడికిపోతుంది. మీరు భయపడి ఇంకో రెండు బ్యాకెండ్లు చేరుస్తారు. పాత కనెక్షన్లు పాత చోటే ఉంటాయి, కొత్తవి ఈగలు తోలుకుంటూ కూర్చుంటాయి. బిల్లు మాత్రం వాటికీ వస్తుంది. ఒక మందు, సర్వర్ వైపు కనెక్షన్‌కి గరిష్ట వయసు పెట్టడం, అప్పుడది మళ్లీ తెరుచుకున్నప్పుడు కొత్త హాష్ పడుతుంది. ఇంకో మందు, ఇందాక చెప్పిన రెండో మనిషి.

ఆ రెండో మనిషి పేరు ఇంటర్నల్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్. లోపల పనిచేసేది ఎన్వాయ్ ప్రాక్సీలు. ఇవి కనెక్షన్ విప్పి చూసి ప్రతి రిక్వెస్టునీ విడిగా పంచగలవు, పాత్‌ని బట్టి దారి మళ్లించగలవు. వాటికి కూర్చోవడానికి జాగా కావాలి. రీజియన్‌లో ప్రాక్సీ-ఓన్లీ సబ్‌నెట్ అని ప్రత్యేకంగా ఒకటి కట్టాలి. కనీసం /26, అంటే 64 అడ్రస్‌లు. /23 ఇవ్వమని గూగుల్ సలహా. ఇప్పుడు బ్యాకెండ్‌కి కనెక్షన్ వచ్చేది ఆ సబ్‌నెట్ నుంచి, కాబట్టి ఫైర్‌వాల్‌లో దానికీ దారి ఇవ్వాలి. లాగుల్లో క్లయింట్ ఐపీ కోసం వెతికితే ప్రాక్సీ ఐపీ కనబడుతుంది. అసలుది ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో ఉంటుంది.

ఏడబ్ల్యూఎస్ నేర్చుకునేవాళ్లు చేతులెత్తారు, చూశాను. 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే వాళ్ల రీజియన్ ఉంది, అక్కడే ప్రాక్టీసు చేసుకోవచ్చు. కానీ నేను చెప్పిన బొమ్మ అక్కడ యథాతథంగా అతకదు. అక్కడ లోడ్ బ్యాలెన్సర్‌కి ఒక్కో సబ్‌నెట్‌లో నిజంగానే ఒక నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ ఉంటుంది, దానికి అడ్రస్ ఉంటుంది. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌కి ప్రతి సబ్‌నెట్‌లోనూ కనీసం 8 ఖాళీ అడ్రస్‌లు కావాలి. అజూర్‌లో ప్రోబులు 168.63.129.16 అనే ఒకే అడ్రస్ నుంచి వస్తాయి. ఏ క్లౌడ్ అయినా నేను కాగితం మీద మొదట రాసుకునే ప్రశ్నలు ఇవే: ప్రోబు ఎక్కణ్నుంచి వస్తుంది, ప్యాకెట్ మీద ఏ అడ్రస్ ఉంటుంది, జవాబు ఏ దారిన వెళ్తుంది. డాక్యుమెంటేషన్‌లో ఆ మూడు దొరికేదాకా కన్సోల్ తెరవను.

ప్రాక్టీసు అయ్యాక అన్నీ తీసేయడం మర్చిపోకండి. కట్టిన వరసకి ఉల్టా రావాలి. ముందు ఫార్వర్డింగ్ రూల్, తర్వాత బ్యాకెండ్ సర్వీస్, ఆ తర్వాత హెల్త్ చెక్, గ్రూపులు. వాడుకలో ఉన్నదాన్ని క్లౌడ్ డిలీట్ చేయనివ్వదు. క్లౌడ్ నాట్‌ని చాలామంది మర్చిపోతారు, నెలాఖర్లో అదే గుర్తుచేస్తుంది.

సరే, ఇక నేను మాట్లాడింది చాలు. ఈ ల్యాప్‌టాప్‌లో ఒక సెటప్ నడుస్తోంది. రెండు బ్యాకెండ్లు, ఒక క్లయింట్. రాత్రి కూర్చుని కావాలనే ఒక చోట చెడగొట్టి తెచ్చాను. ఒక బ్యాకెండ్ పచ్చగా ఉంది, ఇంకోటి ఎర్రగా ఉంది. ఫైర్‌వాల్ రూల్ రెండింటికీ ఒకటే, కాబట్టి అటు వెళ్లి టైమ్ వేస్ట్ చేసుకోకండి. ఎర్రగా ఉన్న మెషీన్ సొంత ఐపీకి కర్ల్ కొడితే పేజీ వస్తోంది. ముందు ఎవరొస్తారు? వెనక వరసలో నీలం చొక్కా, మీరు రండి.