బొమ్మకు వదిలేయవలసిన మాట

శ్రోతలకు నమస్కారం.

బొమ్మల పుస్తకాల గురించి రేడియోలో మాట్లాడమన్నారు. నా దగ్గర చూపించడానికి బొమ్మ లేదు, మీ దగ్గర తిప్పడానికి పేజీ లేదు. అయినా ప్రయత్నిద్దాం. నేను చెప్పేది కళ్ళు మూసుకుని ఊహించుకోండి. బండి నడుపుతూ వింటున్నవాళ్ళు మాత్రం దయచేసి కళ్ళు తెరిచే ఊహించుకోండి.

ముందుగా ఒక కోడిపెట్ట. పేరు రోజీ. ఇంగ్లండుకు చెందిన ప్యాట్ హచిన్స్ అనే రచయిత్రి 1968లో తానే రాసి, తానే బొమ్మలు వేసి తెచ్చిన పుస్తకంలోని కోడి ఇది. పుస్తకం మొత్తంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. ఇంగ్లీషులో లెక్కపెడితే 32 మాటలు. కోడిపెట్ట షికారుకు బయలుదేరుతుంది. పెరడు దాటుతుంది, కుంట చుట్టూ తిరుగుతుంది, గడ్డివామి ఎక్కి దిగుతుంది, పిండిమర పక్కగా నడుస్తుంది, కంచెలోంచి దూరుతుంది, తేనెపెట్టెల కింద నుంచి వస్తుంది, భోజనం వేళకు గూటికి చేరుతుంది. అంతే. ఇదీ ఒక కథేనా అంటారు. నిజమే, నేను చెబుతుంటే మీకు ఆవులింత వచ్చి ఉంటుంది.

ఇప్పుడు బొమ్మలు చూడండి. కోడి వెనకాలే ఒక నక్క పొంచి ఉంది. కోడి పెరట్లో నడుస్తోంది. నక్క దూకింది. నేల మీద పడి ఉన్న దంతె మీద కాలు వేసింది. దంతె కర్ర లేచి మూతి మీద ఫెడీమని కొట్టింది. కోడి కుంట చుట్టూ పోతోంది. నక్క మళ్ళీ దూకింది, నీళ్ళలో పడింది. గడ్డివామి దగ్గర గడ్డిలో కూరుకుపోయింది. పిండిమర దగ్గర కోడి కాలికి ఒక తాడు తగులుకుంది, పైనున్న పిండి సంచి నక్క నెత్తిన కుమ్మరించింది. కంచె దాటబోయి నక్క ఒక బండిలో పడింది. బండి దొర్లుకుంటూ వెళ్ళి తేనెపెట్టెలను గుద్దింది. ఇక తేనెటీగలు వెంటపడ్డాయి, నక్క పరుగో పరుగు. కోడి మాత్రం తన దారిన తాను దర్జాగా ఇల్లు చేరింది.

నక్క అనే మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. మళ్ళీ చెబుతున్నాను, నక్క అనే మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

చదివి వినిపించే అమ్మ అక్షరాల వెంట పోతుంది. ఒళ్ళో కూర్చున్న మూడేళ్ళ పిల్ల బొమ్మను చూస్తుంది. అమ్మ "కుంట చుట్టూ తిరిగింది" అంటుంటే పిల్ల "నక్క, నక్క" అని అరుస్తుంది. చదువు వచ్చిన మనిషి చెప్పనిది చదువు రాని పిల్ల చెబుతోంది. ఆ గర్వం ఆ పిల్ల ముఖంలో చూడాలి! కోడికి నక్క సంగతి తెలుసా, తెలియనట్టు నటిస్తోందా అని పిల్లలు వాదించుకుంటారు కూడా. నా ఓటు నటనకే.

తెలుగులో పిల్లలకు రాసేవాళ్ళకు కొదవ లేదు. 1947లో మొదలైన చందమామ బొమ్మలను తలచుకుని నేటికీ మురిసిపోయేవాళ్ళం మనం. కానీ ఆ కథలు బొమ్మ తీసేసినా నిలబడేవి. బొమ్మల పుస్తకం అలా నిలబడకూడదు. బొమ్మ తీసేస్తే కథ కూలిపోవాలి, మాట తీసేసినా కూలిపోవాలి. ఈ పద్ధతి మన ప్రాంతానికి మరీ కొత్తదేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పెద్ద వస్త్రాలను దగ్గరగా చూడండి. వరుసలు వరుసలుగా రామాయణం, బొమ్మల అడుగున సన్నగా తెలుగు అక్షరాలు. యుద్ధమంతా కలంతో గీసిన బొమ్మ చూపిస్తుంది, అక్షరం పక్కన ఒదిగి ఉంటుంది.

మన తిరుపతిలోనే ఒక కథ అల్లి చూద్దాం. నచ్చినవాళ్ళు తీసుకోవచ్చు, నేనేమీ అనను. మే నెల, తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఒకరోజు సుద్ద పూసుకున్న బైరాగి వేషం, ఇంకోరోజు బొగ్గు పూసుకున్న తోటి వేషం. చీర కట్టి, పూలు ముడిచి మొక్కు తీర్చుకునే మగవాళ్ళు వీధి నిండా ఉంటారు. మన కథలో చిన్నా అనే పిల్లవాడు నాన్న కోసం వెతుకుతున్నాడు. మొదటి బొమ్మలో నాన్న అద్దం ముందు నిలబడి పెద్ద మీసం దువ్వుకుంటున్నాడు. ఆ తరువాత పేజీ తిప్పండి.

"నాన్న కొబ్బరికాయల అంగడి దగ్గర లేడు." బొమ్మలో చిన్నా వెనక ఒక పసుపుపచ్చ చీర, చేతుల నిండా గాజులు, పొడుగాటి జడ. ముఖాన అదే మీసం. "నాన్న వేపమండల బండి దగ్గర లేడు." మండల సందులోంచి అదే మీసం. "అంబలి పోసే చోట లేడు." అంబలి గ్లాసు ఎత్తి తాగుతున్నది ఎవరు? మీసం కొసన తెల్లగా అంటుకున్నది ఏమిటి? పిల్లలు ఇక ఆగరు. పుస్తకం మీద వేలు పొడిచి మరీ చూపిస్తారు.

ఈ కథలో చీర, మీసం, వేషం అనే మాటలు రాయకూడదు. మనకు చెయ్యి ఊరుకోదు. "పసుపుపచ్చని చీర కట్టుకుని మారువేషంలో ఉన్న తండ్రిని పాపం చిన్నా గుర్తుపట్టలేకపోయాడు" అని రాసేస్తాం. అక్కడితో ఆట ముగిసింది. పిల్లలు కనిపెట్టవలసింది మనమే కనిపెట్టేశాం. అన్నట్టు, వేషాలవాళ్ళు తిట్టే తిట్లు కూడా రాయకండి. జాతరలో అది ఆచారం, పుస్తకంలో ప్రచురణకర్త ఒప్పుకోడు.

రాయాలనుకునేవాళ్ళు ముందు చదవాలి, అది కూడా ఖర్చు లేకుండా కుదురుతుంది. ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్ 2015 నుంచి ఇంటర్నెట్‌లో ఉంది. తెలుగు కథలను ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకుని ముద్రించుకోవచ్చు. కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. మొదటి స్థాయివి తెరవండి. అరచేత్తో బొమ్మను మూసి వాక్యం చదవండి, తరువాత వాక్యాన్ని మూసి బొమ్మ చూడండి. ఏది ఎంత మోస్తోందో తెలిసిపోతుంది. అక్కడి బొమ్మలు వాడుకుంటే చిత్రకారుల పేరు తప్పక వేయండి. కొని దాచుకోదగ్గవి సికింద్రాబాద్ మంచి పుస్తకం వారి దగ్గర, నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయంలో ఉన్నాయి. మనకు కూతవేటు దూరంలోని చెన్నైలో తూలిక అనే ప్రచురణ సంస్థ వారు పిల్లల పుస్తకాలు తెలుగులోనూ వేస్తున్నారు.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది. ఒక్క పని చెప్పి ముగిస్తాను. ఎనిమిది తెల్ల కాగితాలు తీసుకోండి. అన్నిటినీ కలిపి మధ్యకు మడిచి, మడత మీద దారంతో కుట్టండి. 32 పేజీల పుస్తకం తయారు. ముద్రణలో పెద్ద కాగితాన్ని మడిచి ఎనిమిదేసి, పదహారేసి పేజీలు చేస్తారు కాబట్టి బొమ్మల పుస్తకాలు తరచుగా ఇదే లెక్కలో వస్తాయి. పేరుకు, ప్రచురణ వివరాలకు మూడు నాలుగు పేజీలు వదిలేయండి. మిగిలినవాటిలో పెన్సిలుతో పేజీకి ఒక వాక్యం. బొమ్మ గీయడం రాకపోతే ఒక గడి గీసి అందులో ఏముంటుందో రాయండి. ప్రశ్న కుడివైపు పేజీలో పెట్టండి, జవాబు కోసం పిల్లలే పేజీ తిప్పుతారు. పంక్తుల మధ్య చోటు ధారాళంగా వదలండి. మన ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, ఇరుకులో పిల్లల కళ్ళు తడబడతాయి.

తరువాత ఆ పుస్తకాన్ని పక్కింటి పిల్లలకు చదివి వినిపించండి. సొంత మనవడు మొహమాటానికైనా నవ్వుతాడు, పక్కింటివాళ్ళకు ఆ అవసరం లేదు. మీరు వాక్యం ముగించకముందే వాళ్ళు పేజీ తిప్పేశారా? ఆ వాక్యం పొడుగైంది, కొట్టేయండి.

ప్రచురణకర్తకు పంపేటప్పుడు డబ్బు పెట్టి బొమ్మలు వేయించనక్కరలేదు, సాధారణంగా చిత్రకారులను వాళ్ళే ఎంచుకుంటారు. అయితే కథలో రాయకుండా దాచినదాన్ని చిత్రకారులకు మాత్రం విడిగా రాసి పెట్టాలి. "ఈ పేజీలో నాన్న ఎడమపక్క ఉన్నాడు, చీర కట్టుకున్నాడు, మీసం తీయలేదు" అని. లేకపోతే వాళ్ళు కొబ్బరికాయలూ పిల్లవాడినీ మాత్రమే గీసి పంపుతారు. ఉంటాను, నమస్కారం.