ఖాళీగా ఉన్న రెండో చెయ్యి: సిగరెట్ మానేసిన మొదటి రోజులు

[దృశ్యం: తెల్లవారుజామున టీ కొట్టు. గ్లాసులో పొగలు కక్కుతున్న టీ. పక్కనే తాడుకు వేలాడుతున్న లైటరు.]

నమస్కారం. సిగరెట్ మానేస్తామని ఇంట్లో ఒట్టు పెట్టినవాళ్లలో చాలామంది ఆ ఒట్టును ఇదిగో, ఇక్కడే తీసి గట్టున పెడతారు. ఒక చేతిలోకి టీ గ్లాసు రాగానే రెండో చెయ్యి ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ రెండో చెయ్యి గురించే ఈ వీడియో.

మా బాబాయి ఇరవై ఏళ్లకు పైగా సిగరెట్లు కాల్చారు. మూడుసార్లు మానేశారు. ఒక్కసారీ నాలుగో రోజు చూడలేదు. 'నాకు మనోబలం లేదురా' అనేవారు. మేమూ నిజమే అనుకున్నాం. అది ఎంత పొరపాటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

[దృశ్యం: మెదడు బొమ్మ. చిన్న చిన్న చుక్కలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడి గ్రాహకాలు, అంటే నికోటిన్ వచ్చి అతుక్కునే చోట్లు, దాన్ని అందుకోగానే డోపమిన్ అనే రసాయనం విడుదలై హాయిగా ఉంటుంది. రోజూ ఇలా అందుతుంటే మెదడు ఆ గ్రాహకాల సంఖ్యను పెంచుకుంటుంది. రక్తంలోని నికోటిన్ మాత్రం సుమారు 2 గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు పెరిగిన గ్రాహకాలన్నీ ఖాళీగా మిగులుతాయి. చిరాకు, అసహనం, దేనిమీదా మనసు నిలవకపోవడం అక్కడి నుంచే వస్తాయి. సిగరెట్ కాలిస్తే టెన్షన్ తగ్గుతుందని అంటారు కదా, తగ్గేదాంట్లో ఎక్కువ భాగం అంతకు ముందు కాల్చిన సిగరెట్ తెచ్చిపెట్టిందే.

మానేశాక ఈ బాధ రెండు, మూడు రోజులకు బాగా ముదురుతుంది. ఆ తర్వాత 2 నుంచి 4 వారాల్లో క్రమంగా సన్నగిల్లుతుంది. అంటే బాబాయి మూడుసార్లూ ఏరు మధ్యలోని లోతు దాకా ఈది, సరిగ్గా అక్కడే వెనక్కి తిరిగారు. ఆ సంగతి ఒక్కరైనా ఆయనకు ముందే చెప్పి ఉండాల్సింది.

[దృశ్యం: మళ్లీ టీ గ్లాసు, దగ్గరగా.]

ఇక టీ సంగతి. ఇది చాలామందికి తెలియదు. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో, టీ కాఫీల్లో ఉండే కెఫీన్‌ను అరగదీసే ఎంజైమును ఉరకలెత్తిస్తాయి. అందుకే పొగతాగేవారి ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చవుతుంది. మానేసిన కొద్ది రోజులకే ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. ఎప్పటిలాగే అయిదు టీలు తాగినా కెఫీన్ రక్తంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది. గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. 'చూశారా, సిగరెట్ లేకపోతే నా ఒళ్లు ఎలా అయిపోయిందో' అని మళ్లీ వెలిగిస్తారు. కాబట్టి మానేసిన ఈ మొదటి రోజుల్లో టీ, కాఫీలు సగానికి తగ్గించండి. ఆ సగం కూడా కొట్టు దగ్గర కాకుండా ఇంట్లో తాగండి.

[దృశ్యం: మందుల దుకాణం. నికోటిన్ గమ్ పట్టీ.]

నికోటిన్ గమ్ బాబాయి కూడా కొన్నారు. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలారు. ఎక్కిళ్లు వచ్చాయి, కడుపులో మంట పుట్టింది, పట్టీ మొత్తం చెత్తబుట్టలో పడింది. గమ్‌లోని నికోటిన్ రక్తంలోకి వెళ్లాల్సింది నోటి లోపలి పొర నుంచి. లాలాజలంతో మింగేస్తే మంటే తప్ప పెద్దగా ఫలితం ఉండదు. నెమ్మదిగా కొన్నిసార్లు నమిలి, నోట్లో ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా ఒక గమ్ అరగంట రావాలి. దానికి 15 నిమిషాల ముందు నుంచీ కాఫీ, పుల్లని రసాలు, కూల్‌డ్రింకులు వద్దు.

2 మిల్లీగ్రాముల గమ్ డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటుంటే అది చాలకపోవచ్చు, డాక్టరును అడగండి. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు అడగకుండా వాడకూడదు. గమ్‌లోనూ నికోటినే కదా అంటారేమో. అవును. కానీ పొగలో వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్ అందులో ఉండవు.

మనసు లాగినప్పుడు గడియారం చూడండి. ఆ ఉధృతి సాధారణంగా కొన్ని నిమిషాలే ఉంటుంది. మంచినీళ్లు తాగండి, లేచి నాలుగడుగులు వేయండి, ఎవరికైనా ఫోన్ చేయండి. పొరపాటున ఒకటి కాల్చినా పెట్టె మొత్తం కొనాల్సిన పని లేదు. ఆ ఒక్కటి ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు కాల్చారో గుర్తుపెట్టుకోండి, రేపు అటు వెళ్లకండి.

[దృశ్యం: తెర మీద పెద్ద అంకెలు: 1800-11-2356]

ఇది మన దేశంలో పొగాకు మానాలనుకునేవారి కోసం నడిచే ఉచిత ఫోను నంబరు. సిగరెట్ పెట్టె మీదే ముద్రించి ఉంటుంది. మానేసే తేదీ నిర్ణయించుకోవడానికి సాయం చేస్తారు, తర్వాత ఎలా ఉన్నారని వాళ్లే మళ్లీ పలకరిస్తారు.

బాబాయి నాలుగోసారి మానేసి ఇవాళ్టికి పదకొండు రోజులు. పొద్దున టీ ఇంట్లోనే తాగారు.