కత్తిరించిన కార్డు, అతికించిన కార్డు

అందరికీ నమస్కారం.

చిన్నప్పుడు అగ్గిపెట్టెల బొమ్మలో, ఖాళీ సిగరెట్ పెట్టెల అట్టలో పోగేసినవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. ఆ సరదా గుర్తున్నవాళ్లకి నేను చెప్పబోయేది తేలిగ్గా అర్థమవుతుంది.

1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మ కార్డులు పెట్టి అమ్మింది. ఒక్కో కార్డు అగ్గిపెట్టె కన్నా కాస్త పొడవుంటుంది, అంతే. వాటిలో పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు మొదట్లోనే ఆగిపోయింది. తన బొమ్మ వేయడానికి ఆయన ఒప్పుకోలేదు. పిల్లలు ఆ బొమ్మ కోసం సిగరెట్లు కొంటారని ఆయన బాధపడ్డారంటారు కొందరు. డబ్బు దగ్గర పేచీ వచ్చిందంటారు మరికొందరు. మొదటి మాటే నిజమైతే బాగుండునని నాకుంటుంది. ఆయన కార్డుల్లో ఇప్పటికి బయటపడ్డవి అరవై దాకా ఉంటాయి. 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది.

వాటిలో రెండు కార్డుల గురించే ఇవాళ మాట్లాడతాను.

మొదటిది అన్నిట్లోకీ చక్కగా ఉందని పేరుపడ్డది. అంచులు నిటారుగా, మూలలు పదునుగా ఉంటాయి. 2007లో 28 లక్షల డాలర్లు పలికింది. దాన్ని ఒకప్పుడు అమ్మిన వేలందారు 2013లో కోర్టులో నిజం ఒప్పుకున్నాడు: ఆ అంచులు తానే కత్తిరించాడు. అన్నేళ్లు నిలిచిన కాగితాన్ని ధర కోసం కోశాడు. నాకు ఇప్పటికీ మనసొప్పదు.

రెండోది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఇచ్చింది జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ ఊళ్లో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసిన మామూలు ఉద్యోగి. పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. కూడబెట్టినవన్నీ కాగితాలే: 3 లక్షలకు పైగా కార్డులు, అందులో 30 వేలకు పైగా బేస్‌బాల్‌వి.

1909-11 నాటి ఈ సిగరెట్ కార్డుల వరసని సేకర్తలు టి206 అంటారు. ఆ పేరు కంపెనీ పెట్టింది కాదు, బర్డిక్ పెట్టింది. ఎవరూ పట్టించుకోని ఈ చిత్తుకాగితాలకి ఆయన కేటలాగు రాశారు. 19వ శతాబ్దపు పొగాకు కార్డులకి ఎన్, 20వ శతాబ్దపు వాటికి టి, పాత మిఠాయి కార్డులకి ఇ, తర్వాత వచ్చిన బబుల్‌గమ్ కార్డులకి ఆర్. వేలంపాటల్లో ఇవాళ్టికీ ఆ అక్షరాలే వాడుక.

1940ల చివర నుంచి ఆయన మ్యూజియంలో కూర్చుని, కార్డుల్ని వరసపెట్టి ఆల్బమ్‌లలో అతికిస్తూ వచ్చారు. అవును, జిగురుతోనే. వాగ్నర్‌ని కూడా! ఇవాళ్టి సేకర్త ఎవరు విన్నా గుండె పట్టుకుంటారు, జిగురు తగిలితే కార్డు ధర పడిపోతుంది కాబట్టి. బర్డిక్‌కి అమ్మే ఉద్దేశమే లేదు. పేజీ తిప్పితే ఒక వరస మొత్తం ఒక్కచోట కనిపించాలి, చూడవచ్చినవాళ్లకి అర్థం కావాలి, అదే ఆయన తాపత్రయం. సేకరణంటే నా దృష్టిలో అదే.

కీళ్లవాతంతో ఆయన వేళ్లు వంకరపోయాయి. ఆ వేళ్లతోనే 1963 జనవరి 10న పని పూర్తిచేశారు. మర్నాడు ఆసుపత్రిలో చేరారు. మార్చిలో కన్నుమూశారు.