వీధికుక్కకి వైద్యం చేస్తే కేసు మన మీదికొస్తుందా?

డాక్టర్: మామూలుగా జరిగేదే తీసుకుందాం మేడమ్. రాత్రిపూట ఎవరో ఆటోలో వీధికుక్కని తెస్తారు. వెనక కాలు విరిగింది, రాడ్డుతో కొట్టారంటారు. ప్రైవేటు క్లినిక్ వాళ్లు ముట్టుకోవచ్చా?

లాయర్: నిరభ్యంతరంగా. వెటర్నరీ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉంటే చాలు. కుక్క బతకకపోయినా జంతువుని చంపడం, అంగవైకల్యం కలిగించడం మీద ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ మీ మీద నిలవదు, దానికి నష్టం చేయాలనే ఉద్దేశమో ఎరుకో ఉండాలి.

డాక్టర్: 1960 జంతు హింస నివారణ చట్టంలో 40వ సెక్షన్ మనందరినీ కాపాడుతుందని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది.

లాయర్: అందరినీ కాదండీ. సదుద్దేశంతో పనిచేసిన ప్రభుత్వోద్యోగికే అది. పశుసంవర్ధక శాఖ డాక్టరుకి వర్తిస్తుంది, మీ క్లినిక్కి వర్తించదు. మీకు కేస్ షీటే దిక్కు.

డాక్టర్: మరి "బాధ చూడలేం, ఇంజెక్షన్ ఇచ్చేయండి" అంటే?

లాయర్: ప్రైవేటు డాక్టర్లు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. తెచ్చినవాళ్లు ఓనర్లు కారు, వాళ్ల సంతకానికి విలువ లేదు. వీధికుక్కల సంతాన నియంత్రణకి పెట్టిన 2023 ఏబీసీ రూల్స్ ప్రకారం ఆ నిర్ణయం ఆ ప్రాంత పశువైద్యాధికారి ఉన్న బృందం తీసుకోవాలి. నొప్పికి మందివ్వండి, ఆయనకి ఫోన్ చేయండి, చేసిన టైము షీట్‌లో రాయండి.

డాక్టర్: ఇక కంప్లైంట్ సంగతి. స్టేషన్లో "ఇది కాగ్నిజబుల్ కాదు, అంటే మేం నేరుగా కేసు కట్టలేం, కోర్టుకెళ్లండి" అని పంపేస్తారు.

లాయర్: కొట్టడం ఒక్కటే రాస్తే వాళ్లన్నది నిజమే. 1960 చట్టం కింద మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, టీ ఖర్చు! పైగా మూడు నెలలు దాటితే ఆ చట్టం కింద కేసే నడవదు. 325 అలా కాదు. చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల వరకు జైలు, పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టాలి. ఏ సెక్షన్ పడుతుందనేది చాలావరకు మీ సర్టిఫికెట్‌లోని మాటల్ని బట్టే ఉంటుంది.

డాక్టర్: అందుకే "కాలికి గాయం" అని వదిలేయకూడదు. ఏ కాలు, ఏ ఎముక, గాయం ఎన్ని సెంటీమీటర్లు, అంచులు తెగినట్టున్నాయా నలిగినట్టున్నాయా, తాజాదా పాతదా, ఆ కాలు మళ్లీ పనికొస్తుందా, అన్నీ రాయాలి. ఎక్స్‌రే మీద తేదీ, కుడి ఎడమల గుర్తు ఉండాలి. ఫొటోలో గాయం పక్కన స్కేలు పెట్టాలి.

లాయర్: "ఫలానావాడు కొట్టాడు" అని మాత్రం వద్దు. "కొట్టినట్టు తెచ్చినవారు చెప్పారు" అనండి. గాయం ఆ మాటకి పొసగుతుందో లేదో చెప్పడం వరకే మీ పని.

డాక్టర్: మెడకి తాడు బిగిస్తే ముడి విప్పకుండా, ముడికి దూరంగా కోసి తాడంతా దాచాలి. విషం అనుమానమైతే పోస్ట్‌మార్టంలో కడుపులోనిది, కాలేయం, మూత్రపిండం ముక్కలు వేర్వేరు సీసాల్లో, సంతృప్త ఉప్పునీళ్లలో పెట్టాలి. అలవాటుగా ఫార్మలిన్ పోసేస్తుంటారు. అది హిస్టోపాథాలజీకి, అంటే కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూడటానికి పనికొస్తుంది, విష పరీక్షని మాత్రం పాడుచేస్తుంది.

లాయర్: సీసాలకి సీలు వేసి, పోలీసులకే ఇచ్చి, రసీదు తీసుకోండి. జంతు సంరక్షణ కార్యకర్తల చేతికిస్తే సాక్ష్యం గొలుసు, అంటే ఎవరి చేతి నుంచి ఎవరి చేతికెళ్లిందన్న లెక్క, తెగినట్టే, అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

డాక్టర్: కొట్టినవాడు పరువునష్టం దావా వేస్తానంటే?

లాయర్: అధికారం ఉన్నవాళ్లకి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదుకి న్యాయ సంహితలోని పరువునష్టం సెక్షన్ 356లో మినహాయింపు ఉంది. స్టేషన్లో ఇచ్చిన కాగితానికి ఆ రక్షణ దొరుకుతుంది. అదే మాట అతని పేరు, ఫొటోతో ఇన్‌స్టాలో పెడితే ఈ మినహాయింపు పనికిరాదు. డాక్టర్లు రీల్ ముందు పెట్టి కంప్లైంట్ తర్వాత ఇస్తున్నారు. నన్నడిగితే కేసు నడిచినన్నాళ్లూ రీల్ జోలికి పోవద్దు.