చూరు ఎంత వదలాలి?

అందరికీ నమస్కారం. స్టేజీ ఎక్కే ముందు ఒకబ్బాయి అడిగాడు, "సార్, పల్లెలో చవగ్గా, ఏసీ లేకుండా ఉండగలిగే ఇల్లు కట్టొచ్చా?" అని. కట్టొచ్చు. నేను కట్టి చెడగొట్టిన ఇల్లు గురించి ముందు చెబుతాను.

భీమిలి దగ్గర ఓ పల్లె. ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కించి, గోడలు పెట్టించాను. చూరు మాత్రం జానెడే వదిలాను, డ్రాయింగులో అదే అందంగా కనిపించింది మరి! తొలి వానాకాలానికే చూరు నీళ్ళు నేల మీద పడి చింది, గోడ అడుగున మూరెడు మేర కరిగిపోయింది. పక్కింటి ముసలమ్మ చూసి, "సూరు సిన్నదైతే గోడకేటుంటాది బాబూ" అంది.

ఆవిడది చుట్టిల్లు, అంటే గుండ్రటి తాటాకు ఇల్లు. నడుం వంచితే గానీ లోపలికి వెళ్ళలేం, తాటాకు అంత కిందికి దిగి ఉంటుంది. గోడకు ఎండా తగలదు, వానా తగలదు. గుండ్రటి గోడ కాబట్టి తుఫాను గాలి పక్కలకు జారిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌లో రేకులు ఎగరడం మీలో చాలామంది చూసే ఉంటారు. గాలి కప్పును నొక్కదు, పైకి పీకుతుంది. వాసాన్ని గోడకు, గోడను పునాదికి బిగించే ఇనుప పట్టీకి పెద్ద ఖర్చేం కాదు, కానీ ఎస్టిమేట్లో ముందు ఎగిరిపోయేది అదే.

అలాగని మళ్ళీ చుట్టిళ్ళే కట్టమనను. తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, నిప్పు భయం, నేసేవాళ్ళు దొరకరు. పైగా గుండ్రటి గోడకు బీరువా ఆనదు! బదులుగా పరవాడ థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఇటుకలున్నాయి. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్ ఉంది: ఇటుకను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కడతారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది.

ఇక్కడ సముద్రతీరంలో మనకు ఉక్క. ఎదురెదురు కిటికీల్లోంచి గాలి ఆడాలి. అరకు కొండల్లో రాత్రి చలి. అక్కడ పగటి వేడిని దాచుకునే మందపాటి మట్టి గోడే మేలు. రెండు చోట్లా ఒకే ప్లాన్ వేస్తే ఒకచోట ఉడికిపోతారు, ఇంకోచోట వణికిపోతారు.

నా ఇంటికి తర్వాత చూరు మూడడుగులకు పెంచి, అడుగున రాతి కట్టు కట్టించాను. ఇప్పుడు మధ్యాహ్నాలు ముసలమ్మ అక్కడే కూర్చుని చింతపిక్కలు తీస్తోంది. వచ్చే ఆదివారం ఆ ఊరు వెళ్దాం, టేపులు తెచ్చుకోండి.