దండానికీ తీర్పు ఉంది

శ్రోతలకు నమస్కారం. చరిత్రకు న్యాయాధిపతి దేవుడేనని క్రైస్తవులు నమ్ముతారు. రాజ్యాలను నిలబెట్టేదీ ఆయనే, కూలదోసేదీ ఆయనే. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఫలానా దెబ్బ దేవుడి తీర్పేనని చెప్పే అధికారం ఎవరికుంది? చిక్కంతా అక్కడే. నాకెంతో ఇష్టమైన ఘట్టం ఒకటుంది, బైబిల్లోని రాజుల రెండో గ్రంథం 18వ అధ్యాయంలో. అది చెబుతాను.

క్రీ.పూ. 701. అష్షూరు అనే పెద్ద సామ్రాజ్యానికి రాజైన సన్హెరీబు, యెరూషలేము రాజధానిగా ఉన్న చిన్న రాజ్యం యూదా మీద పడ్డాడు. 46 కోట పట్టణాలు పట్టుకున్నానని తన శాసనంలో తనే రాయించుకున్నాడు. యెరూషలేములో హిజ్కియా రాజు ఆలయం తలుపులకున్న బంగారం కూడా ఊడదీసి కప్పం కట్టాడు. అయినా సైన్యం రానే వచ్చింది. చాకిరేవు దారిలో, మెరక కొలను కాలువ దగ్గర నిలబడి రబ్షాకే అనే అష్షూరు అధికారి అరవడం మొదలుపెట్టాడు. అదీ యూదుల భాషలో! గోడమీద జనం వింటున్నారు. హిజ్కియా మనుషులకు టెన్షన్ పట్టుకుంది. జనానికి అర్థం కాకూడదని, “అయ్యా, మాకు అరామిక్ భాష వచ్చు, అందులో మాట్లాడండి” అని బతిమాలారు. అతను గొంతు ఇంకా పెంచాడు. అంతకుముందే ఒక మాట అనేశాడు: మీ యెహోవాయే ఈ దేశాన్ని పాడుచెయ్యమని నన్ను పంపాడు, అని.

చిత్రమేమిటంటే, యెషయా ప్రవక్త పుస్తకం ఇందులో సగం ఒప్పుకుంటుంది. అష్షూరు నా కోపదండం, అంటే నా కోపం తీర్చే కర్ర, అని దేవుడే అన్నట్టు 10వ అధ్యాయంలో ఉంది. ఆ వెంటనే, గొడ్డలి తనతో నరికేవాడి ముందు గొప్పలు పోతుందా అన్న ప్రశ్న వస్తుంది. దండానికీ తీర్పు ఉంది. మళ్లీ చెబుతున్నాను, దండానికీ తీర్పు ఉంది. హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించానని సన్హెరీబు రాయించుకున్నాడు గాని, యెరూషలేము పట్టుకున్నానని రాయించలేకపోయాడు. క్రీ.పూ. 681లో సొంత కొడుకుల కుట్రకే బలయ్యాడు. 612లో అష్షూరు రాజధాని నీనెవె కూలింది.

అందుకే తుఫాను వచ్చినా, ప్రమాదం జరిగినా “వాళ్లకు దేవుడిచ్చిన శిక్ష” అని ఎవరైనా అంటే నాకు రబ్షాకే గొంతే వినిపిస్తుంది. యెరూషలేములోని సిలోయము అనే చోట గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయంలో యేసే ఎత్తుతాడు. యెరూషలేములో మిగతా అందరికన్నా వాళ్లు అపరాధులా అని అడిగి, కాదని తనే చెబుతాడు. మారుమనస్సు పొందండి అని ఎదురుగా ఉన్నవాళ్లనే అంటాడు.

కాబట్టి ఒక్క మనవి. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు “ఏ పాపం చేశారో” అన్న మాట నోటి దాకా రానివ్వకండి. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు నేలమీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. మీరూ కాసేపు కూర్చోండి. క్యారియర్‌లో అన్నం పట్టుకెళ్లండి. సర్టిఫికెట్ల కోసం ఆఫీసులకు తిరగాల్సి ఉంటే ఒక పూట తోడు వెళ్లండి. సెలవు, నమస్కారం.