జాతర ఉంటేనే జట్టు ఉంటుంది

శ్రోతలకు నమస్కారం.

కొన్నేళ్ల కిందట విశాఖపట్నం సముద్రతీరంలో జరిగిన ఒక సాంస్కృతికోత్సవానికి వ్యాఖ్యాతగా వెళ్లాను. వేదిక వెనుక ఇసుకలో పరిచిన పట్టా మీద, చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన తప్పెటగుళ్ల జట్టు సాయంత్రం నాలుగు గంటల నుంచీ కూర్చుని ఉంది. పదహారు మంది మనుషులు, గోనెసంచుల్లో తప్పెటలు, ఒక మూలన మంచినీళ్ల డబ్బా. పిలుపు వస్తుందేమోనని రెండుసార్లు గజ్జెలు కట్టుకున్నారు, రాలేదని రెండుసార్లు విప్పేశారు. రాత్రి తొమ్మిదిన్నరకు నిర్వాహకులలో ఒకాయన హడావిడిగా వచ్చి, సినిమా పాటల కార్యక్రమానికి ఆలస్యమవుతోంది కనుక మీకు ఐదు నిమిషాలే ఇవ్వగలం అన్నాడు. అరవై ఏళ్లు దాటిన ఆ జట్టు గురువు కోపం తెచ్చుకోలేదు సరికదా, నిజంగానే సందేహం తీర్చుకుంటున్నట్టు అడిగాడు: "ఐదు నిమిసాల్లో గంగమ్మ లెగుస్తాదా బాబూ?"

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే. ఉత్తరాంధ్ర పల్లెల్లో, మన్యంలో పుట్టి పెరిగిన కళలను నిలబెట్టడమంటే వాటిని నగరానికి రప్పించి, దీపాల వెలుగులో నిలబెట్టి, శాలువా కప్పి పంపడమేనని మనం చాలాకాలంగా నమ్ముతూ వచ్చాం. ఆ నమ్మకం పొరపాటని నా అభిప్రాయం.

తప్పెటగుళ్లు గొల్లలు, యాదవులు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన ఆట. రేకుతో చేసిన గుండ్రని తప్పెటను మెడలో వేసుకుని, గుండెలకు ఆనించి, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో తాళం కలుపుతూ, గంగమ్మను, గోవిందుణ్ణి కీర్తిస్తూ రాత్రి పొద్దుపోయాక మొదలుపెడితే తెల్లవారేదాకా సాగుతుంది. మొదటి గంటలో ఆట నెమ్మదిగా ఉంటుంది, జనం ఇంకా కుదురుకుంటూ ఉంటారు. నడిరాత్రి దాటాక, పిల్లలు తల్లుల ఒళ్లో నిద్రపోయాక, గురువు కాలు మారుస్తాడు. అక్కడి నుంచి వేగం పెరిగి, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే విన్యాసాల దాకా పోతుంది. అంటే ఆ ఆటకు సాగే సమయమే ప్రాణం. ఐదు నిమిషాల ముక్కలో మనం చూసేది చివరి పావుగంటలోని గెంతులు మాత్రమే. వాటికి కారణమైన రాత్రి అందులో ఉండదు.

ఇక డబ్బు మాట. కళాకారుల గురించి మాట్లాడేటప్పుడు మనం డబ్బు ప్రస్తావనను మర్యాద కాదన్నట్టు దాటవేస్తాం. ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో గురువే నాకు లెక్క చెప్పాడు. జట్టుకు ఇస్తామన్నది 12,000 రూపాయలు. వ్యాను కిరాయి 4,500, అందరి భోజనాలు, టీలు కలిపి 2,000. మిగిలిన 5,500 పదహారు మంది పంచుకుంటే మనిషికి 344 రూపాయలు కూడా పూర్తిగా రాదు. ఉపాధి హామీ పథకం కింద మన రాష్ట్రంలో 2025-26 సంవత్సరానికి నిర్ణయించిన రోజుకూలి 307 రూపాయలని గుర్తుపెట్టుకుంటే, తరతరాల విద్యకు మనం కట్టిన ఖరీదు మట్టిపనికంటే ముప్పై ఏడు రూపాయలు ఎక్కువ. అదైనా ఆ రాత్రి చేతిలో పెట్టలేదు. బిల్లు, రసీదు, బ్యాంకు పాసుపుస్తకం నకలు అంటూ మూడు నెలలు తిప్పి ఇచ్చారని తరువాత విన్నాను.

అయితే ఇంత తక్కువ ప్రతిఫలంతో ఈ జట్లు ఇన్నాళ్లు ఎలా బతికాయన్నది అడగవలసిన ప్రశ్న. వాటిని బతికించింది వేదికలు కావు, తిథులు. అనకాపల్లిలో కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర, విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, దాని ముందు రాత్రి తోలేళ్ల సంబరం, ఇంకా ఊరూరా గ్రామదేవత పండుగలు. వీటన్నిటిలో తప్పెటగుళ్లకు, సాముగరిడీకి, పులివేషాలకు, వీధి నాటకమైన తూర్పు భాగవతానికి చోటు ముందే నిర్ణయమై ఉండేది. ఎవరూ దరఖాస్తు పెట్టనక్కరలేదు. ఊరిపెద్ద బయానా ఇచ్చేవాడు, ఇంటింటా బియ్యమో, కొబ్బరికాయో, పాత పంచో అందేది, జట్టు నడిచి వచ్చేది, నడిచి వెళ్లేది. ఇప్పుడు అదే జాతరలో రాత్రి తొమ్మిదికి డీజే పెట్టెలు వస్తున్నాయి. డీజేను తిట్టడం నాకిష్టం లేదు, కుర్రవాళ్లకు కావలసింది వాళ్లు తెచ్చుకుంటున్నారు. కాని డీజేకు ఊరు చందాలు వేసి చెల్లించే మొత్తం చూసినప్పుడు ఊళ్లో డబ్బు లేదన్న మాట నేను నమ్మను. లేనిది తప్పెటగుళ్ల వంతు.

అరకు లోయ థింసా సంగతీ ఇటువంటిదే, కాకపోతే అక్కడ నష్టం ఇంకా సూక్ష్మంగా జరుగుతోంది. పోర్జ, వాల్మీకి, బగత, ఖోండు, కోటియ వంటి తెగల స్త్రీలు వీపుల వెనుకగా చేతులు కలిపి, గొలుసులా ఆడే ఆ నాట్యం చైత్రమాసపు ఇటుకల పండుగ రోజుల్లో ఒక ఊరివాళ్లు మరొక ఊరికి వెళ్లి ఆడి, కలిసి భోంచేసే మర్యాదతో పెనవేసుకుని ఉంది. థింసా ఒక్కటే నాట్యం కాదు. ఆకులు ఏరుకోవడాన్ని చూపే పొతర్ తోలా వేరు, పులి దాడి నుంచి తప్పించుకోవడాన్ని చూపే భాగ్ థింసా వేరు, ముందుకు వంగుతూ లేస్తూ అడుగులు వేసే గొడ్డి బేట వేరు. పర్యాటకుల విడిదుల ముందు రోజూ సాయంత్రం జరిగే పది నిమిషాల ప్రదర్శనలో ఈ తేడాలు చెరిగిపోయి, ఒకే వరుస, ఒకే చుట్టు మిగులుతాయి. చివర మనమూ వరుసలో దూరి ఫొటో దిగుతాం. ఆ ప్రదర్శనల వల్ల కొన్ని కుటుంబాలకు ఆదాయం వస్తున్న మాట నిజం, దాన్ని కాదనలేను. కాని రోజూ పొతర్ తోలా అడిగేవాళ్లు లేకపోతే, పదిహేనేళ్ల పిల్ల దాన్ని ఎందుకు నేర్చుకుంటుంది?

నేర్చుకునేవాళ్ల మాట వచ్చింది కనుక విజయనగరం వెళ్దాం. అక్కడి మహారాజా వారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. సంస్థాన ఉద్యోగి ఒకరి అంధుడైన కుమారుడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచన నుంచి అది పుట్టిందని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు; ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ చెప్పి, తరువాత అధ్యక్షులయ్యారు. ఆ పేర్లను మనం సభల్లో తరచూ తలుచుకుంటాం. నాకు మాత్రం ఆ కళాశాల అనగానే మధూకరం గుర్తుకు వస్తుంది. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు అక్కడ చదువుకునే రోజుల్లో ఇంటింటికీ జోలె పట్టుకుని వెళ్లి అన్నం తెచ్చుకుని తిన్నారు, పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకు విద్య చెప్పారు. దీన్ని మనం ఒక మహానుభావుడి కష్టంగా చెప్పుకుంటాం. కొంచెం పక్కకు జరిగి చూస్తే, పాట నేర్చుకునే ఊరుకాని ఊరి కుర్రవాడికి ఒక పట్టణంలోని గృహిణులు ముద్ద పెట్టారన్న సంగతి కనిపిస్తుంది. ఆ తల్లుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

ఈనాడు ఆ ముద్ద పెట్టేవాళ్లెవరు? కేంద్ర ప్రభుత్వపు మండల సాంస్కృతిక కేంద్రాలు గురుశిష్య పరంపర పథకం నడుపుతున్నాయి. మన రాష్ట్రం తంజావూరులోని దక్షిణ మండల కేంద్రం పరిధిలోకి వస్తుంది. ఈ పథకంలో గురువుకు నెలకు 7,500, శిష్యుడికి 1,500 రూపాయలు, అదీ ఆరు నెలల నుంచి ఏడాది వరకు. తూర్పు భాగవతంలో సత్యభామ వేషం ఏడాదిలో రాదు. డప్పు కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛను 2024లో 3,000 నుంచి 4,000 రూపాయలకు పెరిగింది, మంచిదే. కాని పింఛను వాయించడం మానేసే వయసులో అందే సొమ్ము. మొదలుపెట్టే వయసులో, అంటే పద్నాలుగేళ్ల కుర్రవాడు పదో తరగతి తరువాత హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్లాలా, తాత దగ్గర తప్పెట పట్టాలా అని తేల్చుకునే చోట, మన సాయం దాదాపు లేదు.

కొన్ని కళలకు మనిషితో పాటు చెట్టు కూడా కావాలి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేది అంకుడు కర్రతో. మెత్తని, తెల్లని కర్ర. తరిణి మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమిపడితే అద్దంలా మెరుస్తుంది. ఆ ఊరి చింతలపాటి వెంకటపతిరాజు గారు విత్తనాలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసిన సహజమైన రంగుల మీద చేసిన కృషికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలే ఊరేగాయి. ఇంత గౌరవం దక్కిన తరువాత కూడా ఆ ఊళ్లో ఒక పెద్దాయనను కావలసిందేమిటని అడిగితే, "కర్ర" అన్నాడు. అంతే, ఒక్క మాట. అంకుడు చుట్టుపక్కల కొండల్లో తగ్గిపోయింది. పంచాయతీ బంజరులో, బడి ఆవరణల్లో, గట్ల మీద దాన్ని నాటించడానికి ఏ సాంస్కృతిక విధానమూ అక్కరలేదు, నర్సరీలో మొక్కలుంటే చాలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేసే వడ్రంగులకూ పనస మాను విషయంలో ఇదే చింత.

గొల్లపల్లి గురించి ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. అక్కడ సన్మానసభల్లో జ్ఞాపికగా ఇచ్చే చిన్న వీణలు కూడా చేస్తారు. మోగని వీణలు. ఒకప్పుడు వాటిని చూసి నవ్వుకునేవాణ్ణి. మోగే వీణ ఎప్పుడో ఒకటి అమ్ముడైతే, మోగని వీణలు నెలనెలా అమ్ముడై ఆ ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయనీ, ఉలి చేయి మరవకుండా చూస్తున్నాయనీ తెలిశాక నవ్వడం మానేశాను. శాలువా సంస్కృతి మీద ఇంతసేపూ నేను వేసిన నిందలో ఈ మేరకు తగ్గించుకోవాలి.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. విశాఖ జిల్లాకు మిగిలింది ఎక్కువగా నగరమే. నగరంలో కళాభారతి ఉంది, గురజాడ కళాక్షేత్రం ఉంది, విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది. అంతకుమించి రేవులో, ఉక్కు కర్మాగారంలో, నౌకా నిర్మాణ కేంద్రంలో పనిచేసే వేలమంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఉన్నాయి. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చి షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు గారు పల్లె బాణీలను నగరానికి, ఆపైన రాష్ట్రమంతటికీ వినిపించారు. ఆయన 2020లో కన్నుమూశారు. నా మనవి ముఖ్యంగా ఈ వలస కుటుంబాలకు. ఊరి జాతరకు మీరు ఏటా వెళ్తారు, చందా రాస్తారు. ఆ చందాలో ఒక భాగం ఫలానా జట్టుకు, ఫలానా రాత్రి, తెల్లవారేదాకా ఆటకు అని ముందే చెప్పి రాయండి. దేవస్థానాలు, కర్మాగారాలు కూడా నగర వేదికల మీద పెట్టే ఖర్చులో కొంత ఇలా ఊళ్లకు మళ్లించవచ్చు. విశాఖ ఆకాశవాణి కేంద్రం 1963 నుంచి ఉంది. జానపద కార్యక్రమాల కోసం కళాకారులను స్టూడియోకు పిలిచినట్టే, మైకును జాతర దగ్గరకు తీసుకువెళ్లి రాత్రంతా శబ్దగ్రహణం చేస్తే, ఏ అడుగు ఎప్పుడు మారుతుందో రేపటి కుర్రవాడికి వినబడుతుంది.

మొన్న ఫాల్గుణంలో ఆ గురువుగారి ఊరికి వెళ్లాను. రాత్రి పది దాటాక ఆట మొదలైంది. పదహారు మందిలో పదకొండు మందే ఉన్నారు, మిగిలినవాళ్లు పనులకు వలసపోయారు. వరుస చివర పన్నెండేళ్ల కుర్రవాడు ఒకడు ఉన్నాడు. తప్పెట వాడికి పెద్దదై మోకాళ్లకు తగులుతుంటే, ఎవరో దాని తాడును తువ్వాలుతో కలిపి ముడేసి పొట్టి చేశారు. నడిరాత్రి గురువు కాలు మార్చినప్పుడు వాడు రెండుసార్లు తప్పాడు, మూడోసారి అందుకున్నాడు. నేను తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరేసరికి ఆట ఇంకా ఆగలేదు.

సెలవు. నమస్కారం.